అమ్మవారి చెట్టు పదికాలాలు పచ్చగా ఉండాలంటే

పోచమ్మ, మైసమ్మ, ముత్యాలమ్మ, పోలేరమ్మ, నూకాలమ్మ, గంగమ్మ. పేరు ఏదైనా మన ఊళ్లలో అమ్మవారు మొదట కొలువైంది చెట్టు నీడనే. వేపమాను మొదట్లో పసుపు పూసిన రాయి, పక్కన పోతురాజు, ఎదురుగా కాస్త ఖాళీ జాగా, అంతే. గోడలూ శిఖరమూ తర్వాత వచ్చినవి. మేడారంలో ఈనాటికీ విగ్రహం లేదు. చిలకలగుట్ట మీంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్క గద్దెకు వస్తుంది. తుని దగ్గర తలుపులమ్మ అనగానే జనం నోట వచ్చే మాట లోవ, అంటే కొండల నడుమ లోయ. అమ్మవారి స్థలంలో చెట్టూ గుట్టా నీరూ గర్భగుడితో సమానం. గుడి పాతబడితే మూడేళ్లలో తిరిగి కట్టుకోవచ్చు. పెద్ద మానును తిరిగి తెచ్చుకోవాలంటే మూడు తరాలు ఆగాలి.

ఈ చెట్లు గొడ్డలి దెబ్బకన్నా ఎక్కువగా మన భక్తి వల్లే పోతున్నాయి. గుడి బాగుచేద్దామని ఊరంతా చందాలు వేసుకుంటారు. మాను చుట్టూ సిమెంటు పోసి, నున్నటి టైల్స్ పరుస్తారు. మొదటి రెండేళ్లు ఏమీ కనబడదు. మూడో ఏడో నాలుగో ఏడో పైకొమ్మల చివర్లు ఎండడం మొదలవుతుంది. అప్పటికి చప్టా సంగతి ఎవరికీ గుర్తుండదు, అమ్మకు కోపం వచ్చిందంటారు. కింద రాసిందంతా గుడి కమిటీలకూ, చెట్టు కింద అమ్మను కొలిచే కుటుంబాలకూ పనికొచ్చే పద్ధతి. పని మొదలుపెట్టే ముందు పూజారికీ ఊరి పెద్దలకూ చెప్పి మంచిరోజు చూసుకుంటే తర్వాత పేచీలుండవు.

ముందు టేపు పట్టుకుని కొలవండి

నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున మాను చుట్టుకొలత తీయండి. దాన్ని నాలుగుతో హెచ్చించండి. వచ్చిన సంఖ్య చెట్టు వేరు సీమ. మాను చుట్టుకొలత ఆరడుగులైతే మొదలు నుంచి ఇరవై నాలుగు అడుగుల దాకా నాలుగు వైపులా చెట్టుదే. ఆ దూరంలో మేకులు దిగ్గొట్టి, తాడు కట్టి, ముగ్గుతో గీత గీయండి. కమిటీలో అందరూ ఆ గీత దగ్గర నిలబడి చూడాలి. కాగితం మీద చెబితే ఎవరికీ ఎక్కదు, నేల మీద చూస్తే 'అమ్మో, ఇంత దూరమా' అంటారు.

తల్లివేరు లోతుగా ఉంటుంది కదా, పైన ఏం చేస్తే ఏమని చాలామంది అడుగుతారు. చెట్టుకు నీరూ తిండీ తెచ్చేవి దారప్పోగుల్లాంటి పీచువేర్లు. వాటిలో ఎక్కువ భాగం పైరెండడుగుల మట్టిలోనే ఉంటాయి, కొమ్మల నీడ దాటి కూడా వెళతాయి. వాటికి నీరెంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. నేల మీద చప్టా పోస్తే వాన నీరు దిగదు, గాలి ఆడదు. పైగా సిమెంటు నుంచి ఊరే సున్నపు నీరు మట్టి గుణాన్ని మార్చేస్తుంది. మానును ముట్టుకోకుండానే చెట్టు చచ్చేది ఇలాగే.

గీత లోపల జాగాను రెండుగా చూసుకోండి. బెరడు నుంచి ఆరడుగుల దాకా, అమ్మవారి దగ్గరికి వెళ్లే దారి తప్ప, అంతా మట్టే ఉండాలి. అక్కడి నుంచి గీత దాకా రాతి పలకలు పరుచుకోవచ్చు, కానీ సిమెంటు లేకుండా. మూడు నాలుగు అంగుళాల ఇసుక వేసి దాని మీద పలకలు పేర్చాలి. రెండు పలకల మధ్య వేలెడు సందు వదిలి, సందులో ముతక ఇసుక పోయాలి. నడవడానికి సమంగా ఉంటుంది, వాన పడితే నీరు చిటికెలో ఇంకుతుంది. ఒక పలక కుంగితే అదొక్కటే లేపి కింద ఇసుక సర్దుకోవచ్చు. పొయ్యిలు, మరుగుదొడ్లు, బోరు, బండ్లు నిలిపే చోటు, వంటశాల, ఇవన్నీ గీత బయట.

జాగా చిన్నది, ఇరవై నాలుగు అడుగులు ఎక్కడ తెచ్చేదంటారా? అప్పుడు గోడకు పొడవునా పునాది తవ్వకండి. ఎనిమిది, పది అడుగులకొక పిల్లరు వేసి, నేలకు కాస్త పైగా బీము పోసి దాని మీద గోడ లేపండి. పిల్లరు గోతులు జేసీబీతో కాకుండా మనిషి చేత తవ్వించండి. గోతిలో రెండంగుళాలకన్నా లావు వేరు తగిలితే దాన్ని నరకకుండా గోతినే అడుగు పక్కకు జరపండి. ఒక పక్కన లావు వేర్లన్నీ నరికితే ఆ పక్క కొమ్మలు ఎండడం ఒక్కటే కాదు, గాలివానకు చెట్టు రెండో పక్కకు ఒరిగి గుడి మీదే పడే ప్రమాదం ఉంటుంది.

అరుగు కట్టే తీరు

ఆరోగ్యంగా ఉన్న మాను నేలను తాకే చోట కాస్త వెడల్పవుతుంది, ఏనుగు పాదంలా వేర్లలోకి విచ్చుకుంటుంది. ఆ విచ్చుకున్న భాగం ఎప్పుడూ కంటికి కనబడాలి. మాను కరెంటు స్తంభంలా నిటారుగా మట్టిలోకి దిగిపోయినట్టుంటే మొదలు మీద మట్టి పేరుకుపోయిందని అర్థం. అరుగు కట్టి లోపల మూడడుగుల మట్టి నింపినప్పుడు జరిగేది ఇదే. మాను బెరడు గాలికి ఆరేలా పుట్టింది. దాన్ని తడిమట్టిలో పూడిస్తే నానుతుంది, బూజు పడుతుంది, ఒక రోజు గోటితో గీకితే ఊడి వచ్చేస్తుంది. మర్రి, రావి, జువ్వి అయితే పూడిన చోట కొత్త వేర్లు వేసి తట్టుకుంటాయి. వేప, చింత, జమ్మి తట్టుకోలేవు. రావిచెట్టు అరుగు బాగుంది కదా అని అదే కొలతతో వేపకు కట్టినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

కొత్తగా కట్టేటప్పుడు అరుగును బల్లలా కాకుండా వలయంలా ఊహించుకోండి. బెరడు నుంచి కనీసం ఆరడుగుల దూరంలో, అడుగున్నర ఎత్తు, అడుగున్నర వెడల్పు రాతిగోడ చుట్టూ కట్టాలి. దానికి లోతు పునాది అక్కర్లేదు. పైమట్టి నాలుగంగుళాలు తీసి ఇసుక పరిచి రాళ్లు పేర్చితే చాలు. జనం కూర్చునేది ఆ గోడ మీద. లోపలి భాగం పాత నేల మట్టంలోనే ఉండిపోవాలి, ఒక్క తట్ట మట్టి కూడా పోయకూడదు. వానకు లోపల నీరు నిలవకుండా మూడడుగులకొకటి చొప్పున గోడ అడుగున పిడికిలి పట్టేంత రంధ్రాలు వదలండి. అమ్మవారి దగ్గరికి వెళ్లడానికి ఒక వైపు మూడడుగుల దారి వదిలి, ఆ దారిలో మాత్రం పలకలు వేయండి.

చప్టా ఇప్పటికే పోసేసి ఉంటే తీయడం సాధ్యమే, తొందర పనికిరాదు. తొలకరి పడ్డాక మొదలుపెట్టండి, ఎండాకాలం ముట్టుకోవద్దు. బ్రేకరు మిషను వద్దు, అది సిమెంటును దాటి వేరులోకి దిగేదాకా నడిపేవాడికి తెలియదు. ఉలీ సమ్మెటా చాలు. మొదట మాను చుట్టూ రెండడుగుల పట్టీ తీయండి. తర్వాత మిగిలినదాన్ని నాలుగు భాగాలు చేసి, పదిహేను రోజులకొక భాగం చొప్పున లేపండి. పలక లేపగానే దాని అడుగున తెల్లటి సన్నవేర్లు చాపలా అల్లుకుని కనిపిస్తాయి. పలక కింద దాగిన కాస్త చెమ్మ కోసం పైకి వచ్చిన వేర్లు అవి. పది నిమిషాలు ఎండ తగిలితే మాడిపోతాయి. తడి గోనెసంచులు సిద్ధంగా పెట్టుకుని వెంటనే కప్పాలి. సాయంత్రంలోగా మూడు పాళ్లు ఊరి మట్టి, ఒక పాలు బాగా చివికిన ఆకు ఎరువు కలిపి, తీసేసిన చప్టా ఎంత మందమో అంత మందమే నింపాలి. పైన ఎండుటాకులు రెండు మూడు అంగుళాలు పరచండి, బెరడుకు మాత్రం అర అడుగు దూరంగా. యూరియా వేస్తే తొందరగా కోలుకుంటుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. దెబ్బతిన్న వేరు ముందు కోలుకోవాలి. యూరియాకు ఆకు పొంగి, దానికి సరిపడా నీరు వేరు తేలేక చెట్టు ఇంకా నీరసిస్తుంది.

మొదట్లో మట్టి పూడిపోయి ఉంటే పార వాడకుండా చిన్న తొలికెతో, చివరికి చేత్తో తీయండి. బయటపడ్డ బెరడు తడిగా నల్లగా ఉంటే దానికి ఏమీ పూయకుండా గాలికి ఆరనివ్వడమే మందు.

దీపం, పసుపు, ముడుపు

మొదలుకు ఆనించి దీపం పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. పాత వేపల్లో, చింతల్లో తొర్రలుంటాయి. తొర్ర లోపలి చేవ ఎండిపోయి పొడిగా ఉంటుంది. ప్రమిద వత్తి నుంచి ఒక రవ్వ అందులో పడితే మంట కనబడదు, పొగ కూడా సన్నగా ఉంటుంది. లోలోపల రెండు మూడు రోజులు రాజుకుని చెట్టును గొట్టంలా మార్చేస్తుంది. బెరడు మీద నల్లటి మరకా, మాను మీద చెయ్యి వేస్తే వెచ్చదనమూ తెలిస్తే తొర్రలోకి నీళ్లు పోయాల్సిందే, అరగంట ఆగి మళ్లీ పోయాలి. ఆ రాత్రి ఒకరు కావలి ఉండాలి. ఇదంతా లేకుండా ఉండాలంటే మొదలుకు ఎనిమిది అడుగుల దూరంలో రాతితో ఒక దీపగూడు కట్టండి. గాలి ఎటు నుంచి ఎక్కువ వీస్తుందో చూసుకుని, పొగ చెట్టు వైపు పోని పక్కన కట్టాలి. గూటి అడుగున ఇసుక పోసిన పళ్లెం ఉంటే ఒలికిన నూనె దానికి పడుతుంది. నెలకోసారి ఇసుక మార్చుకోవచ్చు. నూనె మట్టిలో ఇంకిన చోట నీరు ముత్యాల్లా జారిపోతుంది తప్ప దిగదు. చెట్టు మొదట్లో మట్టి జిగటగా నల్లగా ఉంటే పై మూడంగుళాలు తీసి కొత్త మట్టి వేయండి.

పసుపు వల్ల చెట్టుకు కీడు లేదు, నిజమైన పసుపైతే. రంగు కలిపిన పొడులూ, పసుపు రంగు ఎనామిల్ పెయింటూ వేరు సంగతి. బెరడుకు సన్నని రంధ్రాలుంటాయి, చెట్టు వాటితో ఊపిరి తీసుకుంటుంది. పలుచని బెరడున్న రావికి పెయింటు వేస్తే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. అమ్మ ముఖం దిద్దాలన్నా కళ్లు పెట్టాలన్నా మానుకు కాకుండా మొదలు ముందు నిలిపిన రాతికి దిద్దండి. ఇత్తడి కళ్లు మేకులతో కొట్టే అలవాటున్న చోట కూడా ఇదే మార్గం. గంట, బల్బు, బోర్డు, మైకు, వీటికి ఇనుప మేకులు కొట్టకండి. పక్కన ఒక స్తంభం పాతితే అన్నీ దానికే వేలాడతాయి.

ముడుపులు కట్టే దారం నూలుదైతే వానకు ఆరేడు నెలల్లో చివికి రాలిపోతుంది. నైలాను దారం, ప్లాస్టిక్ తాడు, ఇనుప తీగ చివకవు. కొమ్మ ఏటా లావెక్కుతుంది, తాడు అక్కడే ఉంటుంది. మూడేళ్లకు కొమ్మ తాడు మీద ఉబ్బి, నడుముకు బిగించిన మొలతాడులా లోపలికి కోసుకుపోతుంది. ఆకులు చేసిన తిండి బెరడు లోపలి పొర గుండానే కిందికి దిగుతుంది, అది తెగితే కొమ్మ చస్తుంది. ఏటా ఒకసారి, జాతర అయిపోయిన వారంలో, పూజారితో చెప్పించి పాత ముడుపులు విప్పాలి. ముడుపు తీరిందని అమ్మకు చెప్పి విప్పితే భక్తుల మనసు కూడా నొచ్చుకోదు. లోపలికి దిగిపోయిన తీగను లాగకండి, రెండు వైపులా కత్తిరించి మధ్య ముక్క వదిలేయండి. లాగితే బెరడంతా లేస్తుంది. ఊయల తొట్లు, గాజులు, చీరలు కట్టడానికి గీత బయట రెండు రాతి స్తంభాల మధ్య వెదురు దండెం కట్టండి. దాని మీద మొదటి ముడుపు పూజారి చేత కట్టిస్తే జనం వెంటనే అలవాటు పడతారు. ఊరికే బోర్డు పెట్టి 'చెట్టుకు కట్టరాదు' అంటే ఎవరూ వినరు.

దిష్టి తీసిన ఉప్పు చెట్టు మొదట్లో పారేసే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. ఉప్పు వేరు నుంచి నీళ్లు లాగేస్తుంది. దానికి వేరే కుండ పెట్టండి. అభిషేకం పాలూ పెరుగూ తేనే కలిసిన నీళ్లు కూడా మొదట్లో నిలవకుండా ఒక చిన్న కాలువ తీసి పూలమొక్కల పాదుకు మళ్లించాలి.

జాతర రోజుల్లో

బోనాలకూ జాతరకూ వేపమండలు కావాలి. ఆ రోజు అందరూ అమ్మవారి చెట్టు మీదే పడితే ఒక్క పూటలో చెట్టు బోడిగుండవుతుంది. విరిచిన కొమ్మ చీలి, ఆ చీలికలోంచి పుచ్చు దిగుతుంది. ఊరి చివర పది పదిహేను వేపలు మండల కోసమే పెంచుకోండి. వాటిని నాలుగైదేళ్ల వయసులో నడుము ఎత్తున కొడితే గుబురుగా చిగురిస్తాయి, ఏటా కొడవలితో బొటనవేలి లావు లోపు రెమ్మలు కోసుకోవచ్చు. అమ్మవారి చెట్టు నుంచి ఘటానికీ పూజకూ కావలసిన రెండు మూడు మండలు మాత్రం పూజారి కోస్తే సంప్రదాయమూ నిలుస్తుంది.

పొంగళ్ల పొయ్యిలు కొమ్మల కింద పెట్టకూడదు. వందల పొయ్యిల వేడికి కిందికొమ్మల ఆకు మాడుతుంది. పొయ్యి కింద మట్టి కాలి పైవేర్లు ఉడికిపోతాయి. బూడిద కొద్దిగా అయితే ఎరువే, కుప్పలుగా మొదట్లో పోస్తే మట్టిలో క్షారం పెరుగుతుంది. పొలాలకు పంచేయండి. బండ్లు నీడ కోసం చెట్టు కిందికి వస్తాయి, ఒక్క ట్రాక్టరు తిరిగితే చాలు తడినేల ఇటుకలా బిగుసుకుపోతుంది. జాతరకు రెండు రోజుల ముందే గీత మీద వెదురు దడి కట్టేయాలి.

ఇంకొకటి చాలామంది మరిచిపోతారు. పెద్ద రావి, మర్రి కొమ్మలకు పెద్ద తేనెటీగలు పట్టు పెడతాయి. హోమం పొగ సూటిగా తగిలినా, కింద పటాసులు కాల్చినా అవి లేచి జనం మీద పడతాయి. వారం ముందే చెట్టును తలెత్తి చూడండి. పట్టు ఉంటే హోమగుండం గాలికి దిగువన పెట్టండి, పటాసులు ఊరి బయట కాల్చండి. పట్టును కాల్చేయడం మాత్రం వద్దు. చింతపూత నిలిచేది ఈగల వల్లే.

పూలదండలు, కొబ్బరి పీచు, ఆకులు గుట్టగా పోసి కాల్చకండి. దారాలు, జరీ కాగితం, ప్లాస్టిక్ ఏరేసి, గీత బయట మూడడుగుల గోతిలో పూలు ఒక వరుస, ఎండుటాకు ఒక వరుస వేస్తూ మధ్యమధ్య పేడనీళ్లు చల్లండి. పదిహేను రోజులకోసారి తిరగేస్తే మూడు నెలల్లో ఎరువవుతుంది. కంపు కొడితే ఎండుటాకు చాలలేదని అర్థం.

వేప ఎండిపోతున్నప్పుడు

వేప మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి ఉగాదికి చిగురు, పూత వేస్తుంది. అది సహజం, కంగారు పడక్కర్లేదు. వానాకాలంలో, పచ్చగా ఉండాల్సిన రోజుల్లో రెమ్మల చివర్లు గోధుమరంగుకు తిరిగి ఎండితే అది తెగులు. 2021లో తెలంగాణ అంతటా వేపలు నిప్పు అంటుకున్నట్టు కనబడటానికి కారణం ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం. లేత రెమ్మల రసం పీల్చే తేయాకు దోమ అనే పురుగు చేసిన గాయాలు దానికి దారి ఇస్తాయి. చెట్టు చచ్చిందని అప్పుడు నరికించినవాళ్లు తొందరపడ్డారు. చాలా చెట్లు మరుసటి ఉగాదికి మళ్లీ చిగురించాయి.

ఎండిన రెమ్మను ఎండిన చోటుకు అర అడుగు కిందికి, పచ్చి భాగంలో కత్తిరించి, చెట్టుకు దూరంగా కాల్చేయండి. తెగులు ముదిరితే వ్యవసాయాధికారిని అడిగి, కార్బెండజిమ్ 50 శాతం పొడిని లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి వేరు పాదు తడిసేలా పోస్తారు. అలా మందు వేసిన చెట్టు ఆకునూ పువ్వునూ ఆ ఏడాది ఉగాది పచ్చడికీ, తీర్థానికీ, పిల్లల స్నానానికీ వాడకూడదు. ఆ సంగతి గుడి దగ్గర రాసిపెట్టండి. పురుగుమందు పైన కొట్టించడం నా లెక్కలో వద్దు, రోజూ జనం చెయ్యి తగిలే చెట్టు అది.

వానలు మొహం చాటేసిన ఏడు పెద్ద చెట్టుకైనా నీరు కావాలి. మొదట్లో పోస్తే ప్రయోజనం లేదు. మిట్టమధ్యాహ్నం కొమ్మల నీడ అంచు ఎక్కడ పడుతుందో అక్కడ, చుట్టూ చిన్న గట్టు వేసి మూడు వారాలకోసారి నింపండి. మర్నాడు గునపం దింపితే అడుగున్నర లోతు దాకా తేలిగ్గా దిగాలి. మధ్యలోనే ఆగిందంటే నీరు చాల్లేదు.

ఎండుకొమ్మ తీయడం

మోడుకొమ్మ గుడి కప్పు మీద వేలాడుతుంటే తీయాల్సిందే. వాన లేని రోజు ఎంచుకోండి. గొడ్డలి వద్దు, రంపం వాడండి. మానుకు అడుగు దూరంలో కొమ్మ కింద నుంచి పావు వంతు లోతు కోయండి. దానికి రెండంగుళాలు బయటగా పై నుంచి కోయండి, కొమ్మ బెరడు చీల్చకుండా పడుతుంది. మిగిలిన మొండిని మాను దగ్గర ఉంగరంలా ఉబ్బిన భాగం ఉంటుంది చూడండి, దానికి బయట కోయాలి. ఆ ఉబ్బు నుంచే బెరడు పెరిగి గాయాన్ని కప్పుతుంది. నున్నగా మానుకు ఆనించి కోసేస్తే గాయం మానదు.

కోతకు బోర్డో పేస్టు పూయండి. 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో విడివిడిగా కరిగించాలి. ప్లాస్టిక్ లేదా మట్టి పాత్రలే వాడాలి, ఇనుము పనికిరాదు. మైలుతుత్తం నీళ్లను సున్నం నీళ్లలో పోస్తూ కలపండి. శుభ్రమైన చాకు నిమిషం ముంచి తీస్తే దాని మీద ఎర్రటి రాగి పూత కనబడకూడదు. కనబడితే సున్నం ఇంకొంచెం కలపాలి. ఆ రోజే వాడేయాలి.

తొర్రను సిమెంటుతో పూడ్చడం పాత అలవాటు. చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు. రెండింటి మధ్య చీలిక పడి, నీరు దిగి, ఆరక కుళ్లుతుంది. తొర్రను అలాగే వదలండి. చిలకలకూ గుడ్లగూబలకూ అదే ఇల్లు.

తోపు, పుట్ట, చెరువుకట్ట

అమ్మవారికి చెట్టుతో పాటు తోపు ఉంటే అదృష్టం. నడిచే దారీ అమ్మ ముందరి జాగా ఊడ్చుకోండి, మిగతా చోట ఆకు రాలినచోటే ఉండనివ్వండి. సర్కారు తుమ్మ చొరబడితే నేల మట్టానికి కొడితే మళ్లీ మొలుస్తుంది. నేలకు అర అడుగు కింద మొదలును తవ్వి నరకాలి. వయ్యారిభామను పూత రాకముందే తడినేలలో వేళ్లతో పీకాలి. అందం కోసం కోనోకార్పస్ తెచ్చి నాటకండి. మారేడు, మేడి, నేరేడు, ఉసిరి చాలు.

పుట్ట కట్టేది చెదలు. అవి ఎక్కువగా ఎండు కలపనే తింటాయి, పచ్చి చెట్టుకు వాటి భయం తక్కువ. పుట్టలో మందు పోయించవద్దు. నాగులచవితికి కడవల కొద్దీ పాలు కన్నంలో పోస్తే పుట్ట మెత్తబడి కూలుతుంది. పుట్ట ముందు చిన్న రాతి దోనె పెట్టి, కన్నం దగ్గర చుక్క చూపించి, మిగతావి దోనెలో పోయించండి.

కట్టమైసమ్మ ఉన్న చెరువుకట్టల సంగతి ప్రత్యేకం. కట్ట మీది పాత చెట్టును ఉంచండి, కానీ కట్ట మీద కొత్తవి నాటవద్దు. పెద్ద చెట్టు చచ్చి వేర్లు కుళ్లితే ఆ ఖాళీలే నీరు కారే దారులవుతాయి. కొత్త మొక్కలు కట్ట దిగువన, కట్ట పాదానికి దూరంగా నాటండి. అమ్మవారి కుంట పూడిక మే నెలలో తీయాలి. మెత్తటి నల్లటి బురద తీయండి, దాని కింద బిగువుగా తగిలే బంకమట్టి పొరను గునపంతో పొడవకండి. నీరు నిలిపేది ఆ పొరే. కుంట అడుగున కాంక్రీటు పోస్తే ఊట మూసుకుపోతుంది. నీరు పచ్చబడిందని బ్లీచింగ్ చల్లితే చేపలు తేలతాయి. పూలూ సబ్బునీళ్లూ పడకుండా ఆపితే నీరు తనంత తాను తేరుకుంటుంది.

కాగితం పని కొద్దిగా ఉంది. చెట్టు కొట్టాలంటే గుడిదైనా సరే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. స్థలం అటవీ భూమిలో ఉంటే అటవీశాఖ ఒప్పుకోకుండా ఏ కట్టడమూ లేపకూడదు. పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉంటుంది, దాని రిజిస్టరులో తోపు హద్దులూ చెట్ల జాబితా రాయించండి. రేపు రోడ్డు వెడల్పు మాట వచ్చినప్పుడు ఆ పేజీ పనికొస్తుంది.

రేపటి చెట్టు ఇవాళే

విజయనగరం పైడితల్లమ్మ సిరిమానుకు ఏటా ఒక చింతమాను కావాలి. అది ఎక్కడుందో పూజారికి అమ్మ కలలో చెబుతుందని నమ్మకం. కొట్టిన ప్రతి మానుకు బదులు చింతలు నాటితేనే కదా వందేళ్ల తర్వాత కూడా కలలో చెప్పడానికి ఒకటి ఉండేది. ఒంటరి వేప ఉన్న గుడికీ ఇది వర్తిస్తుంది. పెద్దది పచ్చగా ఉన్నప్పుడే దాని బిడ్డను నాటాలి.

వేపపళ్లు జూన్, జూలైలో పండుతాయి, అంటే బోనాల ముందూ వెనకా. రాలిన పసుపుపచ్చని పళ్లు ఏరి, గుజ్జు కడిగి, నీడలో రెండు రోజులు ఆరబెట్టండి. వేపగింజ ఎక్కువ రోజులు బతకదు, రెండు వారాల్లోపు విత్తేయాలి. దాచి మరుసటి ఏడు విత్తితే ఒక్కటీ మొలవదు. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు పశువుల ఎరువు కలిపిన సంచిలో గోరు లోతున పెడితే వారం నుంచి మూడు వారాల్లో మొలుస్తుంది. రావి కావాలంటే గుడి గోడ పగుళ్లలోనే దొరుకుతుంది. రావిమొక్క పీకడం పాపమని వదిలేస్తే వేరు లావై గోపురం చీలుతుంది. వాన పడ్డ మర్నాడు, మొక్క జానెడు ఉన్నప్పుడే వేరుతో సహా తీసి కుండీలో పెట్టండి.

మే నెలలో రెండడుగుల గొయ్యి తీసి ఎండనివ్వండి. పైమట్టిలో 10 కిలోల చివికిన ఎరువు, అర కిలో వేపపిండి కలిపి నింపి, మంచి వాన పడ్డాక ఏడాది వయసున్న మొక్క నాటండి. పాత చెట్టు కొమ్మల నీడకు బయట, పైన కరెంటు తీగ లేని చోట. రావికీ వేపకూ పెళ్లి చేసే ఊళ్లలో రెండూ ఒకే గోతిలో పెడతారు. రావి పెరుగుదల ముందు వేప నిలవదు, ముప్పై నలభై ఏళ్లకు రావి వేర్ల కౌగిలిలో నలిగిపోతుంది. ఆరేడడుగుల ఎడంగా నాటి, పెళ్లినాడు రెండింటినీ పసుపుదారంతో కలపండి. కొమ్మలు పైన ఎలాగూ కలుసుకుంటాయి.

తుమ్మకంప దడి రెండేళ్లు ఉండాలి. మొదటి రెండు ఎండాకాలాలు వారానికి 15 నుంచి 20 లీటర్ల నీరు పోయాలి. ఆ బాధ్యత ఇంటింటికీ వంతులు వేసి, పేర్లు గుడి గోడ మీద రాయండి. కిందికొమ్మలు ఒక్కసారిగా కొట్టేయకుండా, ఎప్పుడూ ఎత్తులో మూడో వంతుకు మించి తీయకుండా, తల తగలని ఎత్తు దాకా మెల్లగా లేపుకుంటూ రండి. కాండం మణికట్టంత లావై, మేక ముట్టెకు చిగురు అందనంత ఎత్తుకు పోయాక దడి తీసేయవచ్చు.